గురవమ్మ చెవిలో గొణుగుడు

పుత్తూరు,
బుధవారం.

నా తల్లి గ్రేసీకి నాయన దీవెనలు. దేవుని దయవల్ల మీ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాము. హైదరాబాదులో నువ్వూ అట్లాగే ఉన్నావని తలుస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు మాత్రం ఒక్కొక్కటే ఎక్కుతోంది. సెలవుల్లో నువ్వు చేసిపెట్టిన బాలన్‌ను, అదే ఏరియల్‌నూ కేబులునూ కలిపే ఆ చిన్న డబ్బాను, మేడమీద నా హామ్ రేడియో ఏరియల్‌కు తగిలించానా అని రెండోసారి అడిగావు. తగిలించాను, అదీ మొన్న ఆదివారమే. మూడు నెలలూ అది బీరువా మీదే ఉండింది.

నువ్వు అప్పుడే చెప్పావు. ఏరియల్ తీగ ఒక చేయి రేకుల షెడ్డును ఆనుకుని పోతోంది, రెండు చేతులూ సమానంగా లేవు, నా పాత బాలన్ ఇక్కడ పనికిరాదు అని. అది రెండు వైపులా వోల్టేజీని సమానం చేస్తుందే గానీ కరెంటును కాదు. మిగిలిన కరెంటు కేబులు పైతొడుగు వెంట కిందికి పాకి, కేబులే ఇంకో ఏరియల్ అవుతుంది. ఆ దారి మూయడానికి నువ్వు కేబులునే ఫెర్రైట్ రింగుకు చుట్టావు. ముప్పై ఏళ్ళు టెలిఫోను లైన్లు చూసినవాడికి కూతురు పాఠం చెప్పడమేమిటని నేను పట్టించుకోలేదు.

కింద ఇంటి ఓనరు వరదయ్య వాళ్ళమ్మ గురవమ్మ ఎలా ఉందని అడిగావు. ఫోనులో చెప్పడానికి నోరు రాక ఇది రాస్తున్నాను.

మన కేబులు గురవమ్మ కిటికీ పక్కగానే దిగుతుంది కదా. చెవి మిషను పెట్టుకున్నప్పుడు ఎవరో గొంతు నులిమినట్టు గొణుగుతున్నారని ఆమె కొడుకుతో చెప్పింది. మిషను బాగానే ఉందని దాన్ని అమ్మిన అంగడివాళ్ళు తేల్చారు. వరదయ్య ఆమెను తిరుపతిలో మనసు డాక్టరుకు చూపించాడు. మాత్రలు మింగి పగలంతా మగతగా పడుకునేది.

ఒకరోజు కొడుకు ముందే నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"నువ్వు రేడియోలో మాట్లాడేటప్పుడే ఇనపడతాదప్పా. నీదేనా ఆ గొంతు?"

"నాకేం తెల్దమ్మా" అన్నాను.

తెలుసు తల్లీ. కేబులు వెంట పాకిన ఆ కరెంటుకే, మైకు తగిలితే నా పెదవి చురుక్కుమనేది. నేను మాట మొదలుపెట్టగానే కింద ఆమె "ఇదో, మళ్ళా" అనడం నాకు వినపడేది. ఒప్పుకుంటే వరదయ్య ఏరియల్ తీయిస్తాడని భయపడ్డాను.

చివరికి ఆమె మిషను తీసి పెట్టేసింది. శనివారం గేటు ముందు వెనకనుంచి వచ్చిన ఆటో హారను వినపడక, అది తగిలి పడింది. చేయి విరిగి కట్టు కట్టించుకుంది. మరునాడు ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా నేను కిందికి దిగి, మిషను పెట్టుకోమని బతిమాలాను. వరదయ్యను పక్కన కూర్చోబెట్టి పైకి పోయి పాత బాలన్‌తోనే మాట్లాడాను. గొణుగుడు వినపడి ఆమె చెవి పట్టుకుందట. నీది తగిలించి మళ్ళీ మాట్లాడితే ఏమీ లేదట. మైకు కూడా చురుక్కుమనలేదు.

కిందికి వచ్చి జరిగింది చెప్పాను.

"అయితే నాకు పిచ్చి లేదు" అంది.

"లేదమ్మా. నాకు ముందే తెలుసు. అబద్ధం సెప్పినాను."

"ఆ మాట మళ్ళా సెప్పు. వీడు ఇనాల."

మళ్ళీ చెప్పాను. వరదయ్య తల దించుకున్నాడు. నిన్న తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సంగతి చెబితే, మాత్రలు తగ్గించి రాశాడట.

ఏరియల్ తీయమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. రోజూ మేడమీదికి పోయి కూర్చుంటున్నాను గానీ, మైకు చేతికి తీసుకోబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
నీ నాయన
రాజారత్నం