ఎర్రరాయి మీద అక్షరం

1983 డిసెంబరు 9, శుక్రవారం
జహీరాబాద్

ఈరోజు లాటరైట్ పాఠం కాలేజీ ప్రహరీగోడ దగ్గరే చెప్పాను. ఈ ఎర్రరాయి భూమిలోంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుందని, ఎండా గాలీ తగిలేకొద్దీ అందులోని ఇనుము బిగిసి గట్టిపడుతుందని చెబుతుంటే, కోహీర్ నుంచి వచ్చే అమ్మాయి వంగి ఒక రాయిని గోటితో గీకి చూసింది.

“సార్, గీ రాయి మీద ఎవరో ‘అ’ అని గీసిన్రు. ఎట్ల గీసిన్రో, నా గోరైతే దిగుతలేదు.”

రాయి పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో గీసి ఉంటారన్నాను. ఇంకేం చెప్పను? గోడ కట్టడానికి రాళ్లు దింపిన రోజు మా పాప చిట్టి నా ఒళ్లో కూర్చుని మేకుతో గీసింది. దానికి వచ్చిన అక్షరం అదొక్కటే. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయింది.

సెలవుల్లో గోడకంతా రాళ్లు కనపడకుండా సిమెంటు గిలాబు చేయిస్తారట. ప్రిన్సిపాల్ చెబితే తలూపి వచ్చాను. ఒక్క రాయిని వదిలేయమని ఎలా అడగడం...

ఇంటికి రాగానే మా ఆవిడ కమల అడిగింది, “ఇయ్యాల గోడ దిక్కు పోయిన్రా?”

పోలేదన్నాను.

“నేను పోయొచ్చిన,” అంది అన్నం వడ్డిస్తూ. “మంచిగనే ఉంది.”