ఉత్తకాళ్ల మేష్టారు

నరసరావుపేట,
17-11-1948.

తమ్ముడు జక్కయ్యకు అన్న చిన్నప్ప దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరిలోకీ మీ వదిన ఎస్తేరు నోరు మరీ బాగుంది. అక్కడ వాల్తేరులో నువ్వూ, అమ్మాయి ప్రేమకుమారీ, నీ రైల్వే ఉద్యోగమూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ఎండుచేపల మూట అందిందా అన్నావు. అందింది. మూటకన్నా గంట ముందు వాసన అందింది. పోస్టు జవాను దాన్ని చేతికివ్వకుండా కొట్టు ముందు విసిరేసి పోయాడు. మీ వదిన మూడు పూటలు పులుసు పెట్టి, "మీ తమ్ముడికి నా మీద ఉన్న గౌరవంలో నీకు పావలా వంతు లేదు" అని నాలుగో పూట నన్ను తిట్టింది.

రెండోది, హైస్కూల్లో డ్రిల్లు మేష్టారి ఉద్యోగం హనుమయ్యగారికి వచ్చిందా అన్నావు. రాలేదు. మూడోదానికి జవాబు ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉంది. అది కాస్త ఆగి రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతా ఉత్తరం చదవవు.

ఈ ఊళ్లో బంతి పిచ్చి ఉన్నవాళ్ల సంగతి నీకు తెలుసు. గుంటూరులో మీ కాలేజీ జట్టులో మన ఊరి కుర్రాళ్లు నలుగురున్నారని, పనులు మానుకుని రైలెక్కి వెళ్లి గొంతులు చించుకున్నవాళ్లం. హనుమయ్యగారు ఆ జట్టుకు ఆరేళ్లు ఫుట్‌బాల్ నేర్పాడు. బంతి కనపడితే కళ్లు మూసుకుని తన్నే నిన్ను ఒక ఆటగాణ్ణి చేశాడు. అదేదీ మావాళ్లకు గుర్తు లేదు. 1940 ఫైనల్లో, వాన పడుతుండగా, మీ పదకొండుమంది చేతా బూట్లు విప్పించి ఉత్తకాళ్లతో బురదలోకి దింపాడు. అవతలివాళ్లు బూట్లతో అయిదు గోల్సు కొట్టారు. అదొక్కటే గుర్తు. కాలేజీవాళ్లు ఆయన్ను తీసేశారు. మరుసటి ఏడు ఫరీద్ మేష్టారు వచ్చి, ఈయన తయారుచేసిన పిల్లలతోనే కప్పు గెలిచాడు. ఫరీద్ మేష్టారు ఆటకన్నా కుర్చీని ఎక్కువ ప్రేమించేవాడని నువ్వే చెప్పావు. అయినా యల్లమంద కాఫీ హోటల్లో ఆయన పటానికి రోజూ పూలదండ. బతికున్నవాడి పటానికి దండేందిరా అంటే, "కప్పు తెచ్చినోడికి చావేందిరా" అంటాడు యల్లమంద. హనుమయ్యగారికి మాత్రం ఉత్తకాళ్ల మేష్టారని పేరు. ఆ పేరు పెట్టింది నేనే.

మేష్టారి తరఫున అభిమానుల సంతకాలు పోగుచేసి హైస్కూలు కమిటీకి ఇవ్వమని రాశావు. సంతకాలెందుకు, మనుషులనే తీసుకెళదామనుకున్నాను. పోయిన గురువారం కమిటీ కూర్చుంది. ఆయన పాత కోటు ఇస్త్రీ చేయించుకుని, చెప్పులు వరండా కింద విడిచి లోపలికి వెళ్లాడు. బయట మేం ముప్ఫైమందిమి. నా మాట ప్రకారం అందరం మా చెప్పులు కూడా విప్పి, ఆయనవీ కలిపి గేటు దగ్గర కుప్ప పోసి, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆయన్ను సాగనంపుతూ ప్రెసిడెంటుగారు కూడా బయటికి వచ్చాడు.

మమ్మల్ని చూసి మేష్టారు ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందయ్యా ఇది, గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు విడిచి నిలబడ్డారు! నాకెందుకయ్యా ఇంత మర్యాద?"

సుభానీ దర్జీ వెనకనుంచి నా నడుం గిల్లాడు. "అను భాయ్, అను!"

నేను రెండు చేతులూ జోడించాను. "మీరు చెప్పినట్టే విప్పేశాం మేష్టారూ. బురద ఏడుందో చూపిస్తే దిగుతాం."

ముప్ఫైమందీ ఒక్కసారి పగలబడి నవ్వారు. "అయిదు గోల్సు చానా తక్కువ సార్, మేం ఎనిమిది తింటాం!" అని యల్లమంద అరిచాడు. ప్రెసిడెంటుగారికి ముందు అర్థం కాలేదు. పక్కనున్న మెంబరు చెవిలో చెప్పాక ఆయనా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మేష్టారు కూడా నవ్వబోయాడు. మాతో కలిసి నవ్వితే అంతటితో పోతుందనుకున్నాడేమో, నవ్వు రాలేదు. మెట్లు దిగి వెళ్లి, కుప్ప ముందు గొంతుక్కూర్చుని, మా ముప్ఫై జతల మధ్య తన జత వెతుక్కున్నాడు. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. మేం తీరిగ్గా చూశాం.

"ఊరంతా ఇట్లా నవ్వే మనిషి ఈల వేస్తే పిల్లలు నిలబడతారా? సోమవారం మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం" అన్నాడు ప్రెసిడెంటుగారు, మాకు వినపడేటట్టే.

మర్నాడు మేష్టారు నా కొట్టుకు వచ్చాడు. తిడతాడనుకుని ఎదురు తిట్టడానికి రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని, "మీ తమ్ముడు బాగున్నాడా?" అన్నాడు.

"బాగున్నాడండీ. రైల్వేలో గుమాస్తా."

"పర్మనెంటు అయిందా?"

"అయిందండీ."

"అయితే ఇక వాడికేం కాదు. ఇప్పుడైనా చెప్పు చిన్నప్పా. సోమవారం దాకా వ్యవధి ఉంది. నువ్వొక్క ముక్క చెబితే ఈ వయసులో నాకింత కూడు దొరుకుతుంది."

నేను చేతిలో ఉన్న తోలు కోస్తూనే ఉన్నాను. ఆయన లేచిపోయాడు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "ఆ రోజు మా బూట్లు ఎందుకు విప్పించాడో నీకేమైనా తెలుసా అన్నా" అని రాశావు. తెలుసు. బురదలో ఉత్తకాళ్లకే పట్టు దొరుకుతుందని ఆయన మీ అందరికీ చెప్పింది అబద్ధం. ఆ బూట్ల అడుగున జారకుండా తోలు బిళ్లలు కొట్టింది నేను. మా అన్న పనిమంతుడని కాలేజీలో చెప్పి ఆ పని ఇప్పించింది నువ్వు. నేను ఊహ తెలిసిన దగ్గర్నుంచి రైతుల చెప్పులు కుట్టినవాణ్ణి. వాటికి నాలుగు పొరల దున్నతోలు వేసి, పొడుగు మేకు కొట్టి, లోపలికి వచ్చిన మొనను సుత్తితో మడిచేస్తాం. రైతు పాదానికి అది తెలియను కూడా తెలియదు. మీ బూట్లకూ అదే మేకు కొట్టాను, అట్లాగే మడిచాను, పైన అట్ట అంటించాను. బూటు అడుగు పలచనని ఆలోచించలేదు. వాన తడికి అట్ట నాని, మొనలు లేవడం మొదలుపెట్టాయి. మందపు మేజోళ్ల వల్ల మీకింకా తెలియలేదు. ఆటకు ముందు ఒక్కొక్కడి చేత బూట్లు విప్పించి, లోపల చెయ్యి పెట్టి చూసి తిరిగివ్వడం ఆయన అలవాటు గదా. ఆ రోజు తిరిగివ్వలేదు. అరగంట ఆడితే మీ పాదాలు జల్లెడలయ్యేవి.

మర్నాడు ఆయన, మొనలు గీరిన వేళ్లకు గుడ్డ కట్టుకుని, గోనెసంచిలో ఆ బూట్లన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. "కాల్చెయ్యి. నీ తమ్ముడు ఇప్పించిన పని అని తెలిస్తే కాలేజీలో వాణ్ణి ఉండనివ్వరు" అన్నాడు. కాల్చాను. ఆ సాయంత్రమే కాఫీ హోటల్లో ఎవడో "ఆ బూట్లు బాగుచేసింది మన చిన్నప్పే గదా" అన్నాడు. "బూట్లకేందిరా, బంగారం! ఉత్తకాళ్ల మేష్టారికి వాటి విలువేం తెలుసు?" అన్నాను. హోటలంతా నవ్వింది. ఆ నవ్వులో నేను తప్పుకున్నాను. అది ఆగితే మళ్లీ బూట్ల ఊసెత్తుతారని, ఎనిమిదేళ్లూ ఆగనివ్వలేదు.

సోమవారం పొద్దున తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని హైస్కూలుకే బయల్దేరాను. దారిలో హోటలు. ఈపూరు నుంచి వచ్చినవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు.

"రారా చిన్నప్పా! వీళ్లు చూడలేదంట. మేష్టారి ముచ్చట ఇంకోసారి చెప్పు" అన్నాడు యల్లమంద.

గుమ్మంలో నిలబడ్డాను. కాఫీ గ్లాసు చేతికి వచ్చింది. చెప్పాను. ఆయన చెప్పులు వెతుక్కున్న తీరు కూడా నేల మీద కూర్చుని చేసి చూపించాను. ఈపూరువాళ్లు పొట్టలు పట్టుకున్నారు. నేను లేచేసరికి హైస్కూల్లో మధ్యాహ్నం గంట కొట్టారు. ఉద్యోగం ఎడ్లపాడు కుర్రవాడెవడికో ఇచ్చారు. వాడికి బంతి గుండ్రంగా ఉంటుందని తెలిస్తే చాలు.

మేష్టారు నిన్న పిడుగురాళ్ల వెళ్లిపోయాడు. అక్కడ సున్నపు బట్టీలో కూలీల హాజరు వేసే పని. ఆయనకున్న దగ్గుతో ఆ దుమ్మును ఎన్నాళ్లు ఓర్చుకుంటాడో చూడాలి.

ఇది చదివి నువ్వు సెలవు పెట్టి వచ్చి, హోటల్లో నిలబడి నిజం చెబుతావు. నీ సంగతి నాకు తెలుసు. రా, చెప్పు. ఎవడూ నమ్మడు. నమ్మితే ఇన్నేళ్లూ నవ్విన నవ్వంతా తప్పని ఒప్పుకోవాలి. ముప్ఫైమందిలో ఒక్కడూ ఒప్పుకోడు. అందరూ నా వంక తిరిగి "ఏందిరా చిన్నప్పా?" అంటారు. అప్పుడు నేను ఊరుకోలేను తమ్ముడూ. నువ్వు హోటలు గుమ్మం దాటేలోగా నీకూ ఒక పేరు పెడతాను. అది ఇప్పటికే తట్టింది. మీ వదినకు కూడా చెప్పలేదు.

ఇట్లు,
నువ్వు ఇంకా "అన్నా" అని పిలిస్తే పలికే
నీ అన్న
చిన్నప్ప