కొసరు బంతి

3 ఆగస్టు 2025, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. అందరూ పుదుచ్చేరిలో పుట్టినవాళ్ళు. నేను నాయుడుపేట నుంచి వచ్చిన కోడల్ని కాబట్టి నాకు వచ్చు. దీనికి బీగం అక్కర్లేదు.

షుగర్ ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. బీచ్ రోడ్డులో నడిచి చూశాను. మాది పాత్రల అంగడి. ఊళ్ళో సగం మంది మా గిరాకీలే. నాలుగడుగులు వేయగానే ఒకావిడ ఆపి కుక్కర్ విజిల్ రావడం లేదంటుంది. ఇంకొకావిడ గ్యాస్కెట్ వదులైందంటుంది. నడకా లేదు, పాడూ లేదు.

అందుకని మా అమ్మాయి అర్చిత విల్లియనూరు దగ్గర గోల్ఫ్ కోర్సు చూసి పెట్టింది. పబ్లిక్ కోర్సు. మెంబర్‌షిప్ అక్కర్లేదు. తొమ్మిది గుంతలు. కర్రలు అక్కడే అద్దెకిస్తారు. సినిమాకు పోయినంత ఖర్చు కూడా కాదు. మా ఆయన చెంగల్రాయన్ విని, మనకేంది ఆ దొరల ఆటలు, సుమ్మా ఇంట్లో ఉండు అన్నారు. సుమ్మా, ఊరికే కూర్చుని ఉండబట్టే షుగర్ వచ్చింది అన్నాను.

పోయాను. కర్ర చేతికివ్వగానే అలవాటు కొద్దీ గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను, యాడన్నా పగులుందేమో అని. కౌంటర్లో ఉండే దామోదరన్ గారు, అది చెంబు కాదమ్మా అన్నారు.

మొదటి దెబ్బకు బంతి కదల్లేదు. రెండో దెబ్బకు గడ్డి ఎగిరింది. మూడో దెబ్బకు బంతి లేచింది. నిజంగా లేచింది. ఆకాశంలో తెల్లగా పోతూనే ఉంది. కేక పెట్టాను, యాభై రెండేళ్ళ మనిషిని. మేస్తున్న ఆవులు కూడా తలెత్తి చూశాయి.

5 ఆగస్టు

ఒళ్ళంతా నొప్పులు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉంది.

10 ఆగస్టు, ఆదివారం

దేవుడా.

ఆదివారాలు రద్దీ కాబట్టి ఎవరినీ ఒంటరిగా ఆటకు పంపరట. ఒంటరిగా వచ్చినవాళ్ళను ఇద్దరిద్దరిగా కలుపుతారు. దామోదరన్ గారు నన్ను కలిపింది మంగళతో.

మంగళ నా తోడికోడలు. ఇరవై ఏళ్ళు ఒర్లియంపేటలో ఒకే వంటింట్లో వండుకున్నాం. నాకు జ్వరమొస్తే నా పిల్లకు జడలు వేసింది ఆమే. మూడేళ్ళ కిందట అన్నదమ్ములు అంగడి పంచుకున్నారు. నడిమధ్యలో గోడ లేచింది. మరిది రఘునాథన్ ఇందిరా నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. మేమిద్దరం మాత్రం మాట్లాడుకోం. ఎవరు ముందు మానేశారో నాకు తెలియదు.

ఆమె మళ్ళీ నాతో మాట్లాడాలని నాకుంది. చాలా ఉంది. కానీ ముందు నేను మాట్లాడను. నేను పెద్దదాన్ని.

ఆమెకూ షుగరేనట. దామోదరన్ గారు చెప్పారు.

నోరు విప్పకుండా మొదటి గుంత ఆడాం. అప్పుడు తెలిసింది, ఇక్కడ ఎవరి లెక్క వాళ్ళు రాసుకోకూడదని. ఆమె దెబ్బలు నేను రాయాలి, నా దెబ్బలు ఆమె రాయాలి. ఆమె చెట్టు వైపు చూస్తూ, ఎన్ని అంది. నేను ఆవు వైపు చూస్తూ, తొమ్మిది అన్నాను. మూడేళ్ళ తర్వాత మా మొదటి మాటలు అవి. ఆట అయిపోయేదాకా అంతే, అంకెలు తప్ప ఇంకేం లేదు.

12 ఆగస్టు

మా ఆయనకు చెప్పలేదు. ఏమైంది, ఊరికే నవ్వుతా ఉండావు అని అడిగారు. గాలి బాగుంది అన్నాను.

17 ఆగస్టు, ఆదివారం

ఇవాళ కూడా మంగళే. నేనైతే దామోదరన్ గారిని అడగలేదు. ఆమె అడిగిందేమో తెలియదు.

రెండో గుంత దగ్గర నా బంతి పోయి పచ్చి పేడలో కూర్చుంది. పేడలో పడితే ఉచితంగా తీసి పక్కన పెట్టుకోవచ్చని బోర్డు మీద రాసే ఉంది. తీసేదెవరు. నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను. మంగళ రెండు టేకు ఆకులు కోసుకొచ్చి, బంతిని పట్టి తీసి, తన బాటిల్ నీళ్ళతో కడిగి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఒక్క మాట లేదు. కానీ నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు ఊగుతున్నాయి.

ఐదో గుంత. బంతి గుంతకు జానెడు దూరంలో ఉంది. నేను తప్పేది ఇక్కడే. పోయిన వారం ఈ జానెడు దాటడానికి మూడు దెబ్బలు పట్టాయి. వంగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అప్పుడు మంగళ అంది, అది కొసరు, తీసుకో అక్కా అని.

మా అంగట్లో గుండిగ కొన్నవాళ్ళకు గరిటె కొసరు. బిందె కొంటే చిన్న గ్లాసు. అడక్కముందే చేతిలో పెట్టాలి. అడిగాక ఇస్తే అది కొసరు కాదు, బేరం. ఇది మా మామగారు ఇద్దరు కోడళ్ళకూ నేర్పిన పద్ధతి. మళ్ళీ రావాలి అనుకున్న మనిషికే కొసరు వేస్తాం.

అంటే ఆ జానెడూ కొట్టకుండానే, ఇంకో దెబ్బకు గుంతలో పడ్డట్టు లెక్క. బంతి చేతిలోకి తీసుకున్నాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎండ అన్నాను. మబ్బు పట్టి ఉండాది కదా అంది.

ఇంటికొచ్చి నాలుగు దోసెలు తిన్నాను. షుగర్ సంగతి రేపు చూసుకుందాం.

24 ఆగస్టు, ఆదివారం

ఇవాళ తొమ్మిది గుంతలూ నోరు మూయలేదు. ఆమె ఇంట్లో నీళ్ళ మోటారు, నా మోకాలు, మా ఆయన గురక, ఆమె ఆయన గురక. అన్నదమ్ములిద్దరిదీ ఒకే శ్రుతి అని తేలింది. నేను ఇసుక గుంటలో దిగబడి కొడుతూనే ఉన్నాను, బంతి బయటికి రాదు. మంగళ పైనుంచి తొంగి చూసి, యాడ ఉండావక్కా, బావి తవ్వతా ఉండావా అంది. నవ్వీ నవ్వీ ఇసుకలోనే కూర్చుండిపోయాను.

గుంతకు దగ్గరగా వస్తే చాలు, నేను ఆమెకు కొసరు, ఆమె నాకు కొసరు. ఎవరూ తక్కువ తినలేదు.

అంగడి పంపకాల జోలికి మాత్రం ఇద్దరం పోలేదు. ఆ సంగతి దగ్గరికి రాగానే ఆమె మాట మారుస్తుంది, లేకపోతే నేను మారుస్తాను.

వచ్చే ఆదివారం పోటీ అట. ఆడవాళ్ళ ప్రైజు ప్రెషర్ కుక్కర్. మేమిద్దరం రోజూ అమ్మేదీ అదే. అయినా గెలిచిన కుక్కర్ వేరు అంది మంగళ. పేర్లిచ్చాం.

31 ఆగస్టు, ఆదివారం

పొద్దున చిన్న తుంపర పడింది. గడ్డి మెరుస్తోంది. మంగళ చేతికి ఇవాళ ఏమైందో గాని ప్రతి బంతీ చెప్పినట్టు వింది. నావి మామూలే, చెట్లలోకి. నాకేం బాధ లేదు. నా ఆట వదిలేసి ఆమె ఆటే చూశాను.

తొమ్మిదో గుంతకు ముందు చెరువుంది. మా బంతులు ఎన్ని అందులో ఉన్నాయో చేపలకే తెలియాలి. మంగళ కళ్ళు మూసుకుని కొట్టింది. బంతి చెరువు దాటింది. అవతల పచ్చిక మీద దిగి, దొర్లి దొర్లి, గుంతకు బెత్తెడు దూరంలో ఆగింది. కర్రలు పారేసి ఇద్దరం కావిలించుకున్నాం. దగ్గరికి పోయాక, కొసరు, తీసేయ్ మంగళా అన్నాను. తీసేసింది.

దామోదరన్ గారు కార్డు చూసి సంబరపడిపోయారు. తొమ్మిదోది రెండు దెబ్బల్లోనే అయిందా, బంతి ఎట్లా పడింది అని అడిగారు. మంగళ ఇంకా సంబరంగా, పడనే లేదు సార్, అక్క కొసరు వేసింది అని చెప్పింది. అన్ని గుంతలకూ అంతే, మేమెప్పుడూ వేసుకుంటాం అని కూడా చెప్పింది.

ఆయన ముఖం మారింది. సరదా ఆటలో మీ ఇష్టమట. పోటీలో మాత్రం ప్రతి బంతీ గుంతలో పడి తీరాలట. మా ఇద్దరి కార్డులూ కొట్టేశారు. లేకపోతే మంగళే ఫస్టు. కుక్కర్ ఇంకెవరో తీసుకుపోయారు. కోర్సువాళ్ళు దాన్ని కొన్నది మా మరిది అంగట్లోనేనట.

నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను. మంగళ నవ్వలేదు. ఇచ్చింది నువ్వే కదక్కా అంది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

ఇంకో మూడేళ్ళు మొదలయ్యాయా అని భయంగా ఉంది.

3 సెప్టెంబర్

అంగట్లో ఉన్నాను. గోడ అవతల మంగళ గొంతు వినిపించింది. గిరాకీతో మాట్లాడుతోంది.

7 సెప్టెంబర్, ఆదివారం

మంగళ రాలేదు. రిటైరైన బ్యాంకు ఆఫీసర్ ఒకాయనతో కలిపారు. చాలా మర్యాదస్థుడు. నా ప్రతి దెబ్బకూ గుడ్ షాట్ అన్నాడు. బంతి తగలని దెబ్బకు కూడా అన్నాడు. విసుగొచ్చి సగంలో ఇంటికొచ్చేశాను.

14 సెప్టెంబర్, ఆదివారం

మంగళ వచ్చింది. బస్సు దిగగానే మొదలుపెట్టింది. పెద్దదానివి, రూలు తెలుసుకోవద్దా అంది. పోయి వాగింది నువ్వు అన్నాను. ఏడో గుంత దాకా ఇద్దరం ఆపలేదు. కుక్కర్ నుంచి అంగడికి పోయింది. అంగడి పంచుకున్న రోజు నేను ఆమె ముఖం కూడా చూడకుండా లోపలికి పోయానట. నువ్వు ఏడుస్తా ఉంటే చూడలేక లోపలికి పోయాను అన్నాను. ఆ ముక్క అప్పుడే చెప్పేదానికి ఏంది అని అరిచింది. నువ్వు అడిగితే కదా అని నేనూ అరిచాను.

వెనక ఆడుతున్న ఇద్దరు మగవాళ్ళు కంగారుగా పరిగెత్తుకొచ్చారు. ఏమైనా ప్రాబ్లమా మేడం, ఈవిడ మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నారా అని మంగళను అడిగారు.

మంగళ వాళ్ళ మీదికి కర్ర ఎత్తింది. మా అక్కతో నేను మాట్లాడతా ఉండా, మీకేంది అంది.

తర్వాత మళ్ళీ నా మీదికి తిరిగింది.