నగరి కొండకు బూట్లు

సింధూరీ, నేను ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను. మంచం కింద అట్టపెట్టెలో నీ బూట్లు ఉన్నాయి. నువ్వు అడిగిన తెల్లవి కొనలేదు, కోపం తెచ్చుకోకు. వాటి అడుగు మరీ నున్నగా ఉంది, నగరి కొండ బండల మీద జారిపోతావు. వీటికి అడుగున పళ్ళున్నాయి, వేళ్ళ దగ్గర గట్టిగా ఉన్నాయి. దళసరి మేజోళ్ళు వేసుకుని మేడమెట్లు దిగి చూడు. వేళ్ళు ముందుకు గుద్దుకుంటే సాయంత్రం పాండీ బజారుకు వెళ్ళి మార్చుకుని వద్దాం.

మా నాన్న చేపల వేటకెళ్ళి తిరిగొచ్చేటప్పుడు సముద్రం మీద నుంచి ముందు ఆ కొండే కనిపించేదట, పడుకున్న మనిషి ముక్కులాగా, నీలంగా. "ఆడ నిలబడితే మన రాయపురం కనపడతాదేమో పాపా" అనేవాడు. ఆయన ఎక్కకుండానే పోయాడు. పెళ్ళయ్యాక మీ అన్నను అడిగితే, "ఆ రాళ్ళలో ఏముండాది, సుమ్మా ఉండు" అని నోరు మూయించాడు. నిద్రలో మాత్రం చాలాసార్లు ఎక్కాను, చెప్పులు కూడా లేకుండా.

చేపల పులుసు వెచ్చబెట్టుకుని తిను.

వాసంతి వదిన

ఆ పెట్టె వెనకాల ఇంకో పెట్టె ఉంది, చూసి నవ్వకు. అవి నా సైజు. ఆదివారం మీ కాలేజీ వాళ్ళతో నేనూ వస్తున్నాను. మీ అన్నకు నువ్వే చెప్పు.