బానెట్ మీద చెయ్యి

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, అమ్మాయి, నేను బాగున్నాం. మీరు కూడా ఆ సొరంగం దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకుని బాగానే ఉన్నారనుకుంటాను. బండి కూడా బాగుందని ఈ వరసలోనే రాసేస్తే మీకు సంతోషంగా ఉంటుందని తెలుసు. కానీ దాని సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు. తీరిగ్గా కూర్చుని చదవండి, డ్యూటీకి వెళ్ళే తొందరలో చదవకండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అమ్మాయికి ఊడిన పన్ను స్థానంలో కొత్తది వస్తోంది, కాస్త వంకరగా. అత్తయ్య మోకాలికి మీరు పంపిన తైలం రాస్తున్నాను. నొప్పి తగ్గిందో లేదో గానీ ఇల్లంతా ఆ వాసనే. దుప్పట్లు ఉతికే పెద్ద మిషన్ బెల్టు మార్పించాను. ఆసుపత్రి దుప్పట్లు ఎప్పటిలాగే ఉతుకుకి వస్తున్నాయి. హోటల్ వాళ్ళు కూడా మళ్ళీ ఇస్తున్నారు. మళ్ళీ ఏమిటి, మధ్యలో ఆపారా అని అడుగుతారు కదూ. ఆపారు. మీకు రాయలేదు. అదీ చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామంటున్నారు, నెలాఖరులోగా సంతకం పెట్టాలి, బండిని నమ్ముకుని వచ్చేయనా వద్దా, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నారు. దానితోపాటు కొత్త డ్రైవరు ఎలాంటివాడు, డీజిల్ దగ్గర కన్నేసి ఉంచు అని కూడా రాశారు. మీరు చెప్పాలా? నేను పుట్టడమే ఒక కన్ను తెరుచుకుని పుట్టానని మీరే అంటారు కదా.

ఎవరో వాడేసిన ఆ పాత ట్రాలీ బండిని నేను మొదటి రోజు నుంచీ నమ్మలేదు. గుర్తుందా, కూరగాయల వ్యాపారి దొడ్లో మనం చూడటానికి వెళ్ళినప్పుడు మీరు ఒక్క మాటైనా మాట్లాడకుండా ముందు బానెట్ మీద చెయ్యి వేశారు. వేడిగా ఉందని నా చెవిలో చెప్పారు. పాత డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది, ఆ మొరాయింపు దాచడానికే అమ్మేవాడు మనం వచ్చేలోపు వేడి చేసి ఉంచుతాడు అన్నారు. మర్నాడు తెల్లవారకముందే చెప్పకుండా వెళ్ళాం. చల్లటి ఇంజను కాసేపు తెల్లపొగ వదిలి, ఆ తర్వాత శుభ్రంగా అందుకుంది. మీ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం కిందకి చూశాను. మీటరులో తిరిగింది తక్కువే, క్లచ్ పెడల్ మీద రబ్బరు చూస్తే అరిగి ఇనుము బయటపడింది. అదేమిటంటే రబ్బరే కదా అన్నారు. మీటరు అబద్ధమాడినా పాదం ఆడదు కదా అనుకున్నాను గానీ, మీ ముఖంలో ఆ వెలుగు చూసి నోరు మూసుకున్నాను.

మీరు సొరంగం పని క్యాంపుకు వెళ్ళాక అది తన గుణం చూపించింది. క్లచ్ ప్లేటు పోయింది. ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి బాగుచేయించాల్సి వచ్చింది. బ్యాటరీ మార్చాం, వెనక టైర్లు మార్చాం, ఆ తర్వాత ఇన్సూరెన్సు గడువు వచ్చి మీద పడింది. కొన్న ధరకే బండి వచ్చిందనుకున్నాం గానీ, మిగతా ధర వాయిదాల్లో వసూలు చేసుకుంది. మెకానిక్కు మంచివాడేనని అందరూ అంటారు. అయినా విప్పిన పాత సామానంతా కవరులో వేసి నా చేతికివ్వమన్నాను. అంతేకాదు, రిపేరుకు పంపే ముందు కొన్ని భాగాల మీద గోళ్ళరంగు చుక్క పెట్టి పంపాను, పాతదే తుడిచి మళ్ళీ పెడతాడేమోనని. ఒకరోజు అతనే నవ్వుతూ, ఈసారి రంగు మార్చారేంటమ్మా, ఎరుపే బాగుంది అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంత జరిగాక బండి కుదుటపడింది. కానీ డీజిల్ దిగిపోవడం మొదలైంది. ఆసుపత్రికీ హోటలుకీ తిరిగే దూరం మారలేదు, ట్యాంకు మాత్రం ముందుకన్నా త్వరగా ఖాళీ అవుతోంది. అప్పుడు మన దగ్గర ఉన్నది డ్రైవరు బాబాయి, ఆ రిటైరైన బస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాళ్ళ మీదే నాకు అనుమానం ఎక్కువ, మీకు తెలుసు. ఒక తెల్లవారుజామున దుప్పట్లు ఆరేయడానికి పెరట్లోకి వెళ్తూ, మీరు నేర్పినట్టే బానెట్ మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది.  రాత్రంతా పెరట్లో నిలబడి ఉండాల్సిన బండి వేడిగా ఎందుకుంటుంది చెప్పండి?

మర్నాడూ వేడే. అదే వారంలో హోటల్ మేనేజరు ఒక దుప్పటి పట్టుకొచ్చి నా ముందు పరిచాడు. తెల్లటి గుడ్డ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. మా అతిథులు దీని మీద పడుకోవాలా అన్నాడు. ఉతికింది నేనే, మడత పెట్టింది నేనే, ఆ చుక్కలు ఎక్కడివో నాకు అంతు పట్టలేదు. బాబాయి రాత్రిళ్ళు బొగ్గో, ఇటుకలో తోలుతున్నాడనీ, ఆ మసే వెనక తొట్టిలోంచి దుప్పట్లకు అంటుతోందనీ నాకు నేనే తేల్చేసుకున్నాను. హోటల్ పని ఆగిపోయింది. ఆ కోపంలో ఆయన్ని పిలిచి కడిగేశాను. రాత్రిళ్ళు ఎవరి సరుకు తోలుతున్నారో చెప్పమన్నాను.

ఆయన గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు.

"అమ్మా, చీకటి పడితే నాకు చూపు ఆనదు. సైకిలు కూడా ఎక్కను. ఆ మాట చేరినరోజే మీతో చెప్పాను."

చెప్పాడు, నిజమే. కానీ అప్పటి నా బుర్రకు అది కూడా ముందుగా అల్లుకున్న కథలాగే తోచింది. అదే ఆయన మొహం మీద అన్నాను. ఆయన తాళం చెవి కిటికీలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఆసుపత్రి దుప్పట్లకు అద్దె ఆటో మాట్లాడాను. మన బండి కదలనే లేదు. అయినా తెల్లారి చూస్తే బానెట్ వేడిగానే ఉంది. అప్పుడు భయం వేసింది. దొంగ తాళంతో ఎవరైనా తీస్తున్నారా అనుకున్నాను. మర్నాడు ఇంకా చీకటి విడకముందే లేచి, రాత్రి ఆరేసిన తడి దుప్పట్ల వరస వెనక నిలబడ్డాను. పెరటి తలుపు తీసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? అత్తయ్య. మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, కొంగు ముడిలోంచి రెండో తాళం తీసి, మీ సీట్లో కూర్చున్నారు. తాళం సగం తిప్పి, ఇంజను లోపల వేడెక్కేదాకా ఎదురుగా వెలిగే నారింజ దీపం ఆరేవరకు ఆగి, అప్పుడు పూర్తిగా తిప్పారు. నిజం చెప్పాలంటే నాకన్నా బాగా స్టార్ట్ చేశారు. బండి పొగంతా నేరుగా మొదటి వరస దుప్పట్ల మీదకు వస్తోంది. నా మీదకు కూడా.

నేను బయటకు రాగానే ఆవిడ తాళం తీసి గబగబా కొంగులో దాచుకోబోయారు. తిట్టబోయినదాన్ని ఆగిపోయాను.

"వాడు రాశాడు కదే. డీజిల్ బండి ఊరికే నిలబెడితే పాడవుతుంది, రోజూ కాసేపు నడిపించి ఉంచండి, అది నడుస్తుంటేనే నేను రాగలను అని. నువ్వే చదివి వినిపించావు."

రాశారు. నేనే వినిపించాను, అందరినీ కూర్చోబెట్టి, బాబాయిని కూడా పిలిచి. మహానుభావా, నడిపించి ఉంచండి అన్నారు గానీ ఎవరు అన్నది రాయలేదు. అత్తయ్య తనకే చెప్పారనుకున్నారు. నేను చూస్తే మోకాలి నొప్పితో మెట్లు దిగనివ్వనని నాకు చెప్పలేదు. నేను నాకే అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టార్ట్ చేసి, గిన్నెలు తోమేదాకా అలా ఉంచేసేదాన్ని. బాబాయి తనకే అనుకున్నాడని తర్వాత తెలిసింది, సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆయనా అంతే. మీరు రావాలని ముగ్గురం మూడు పూటలా ఒకరికి తెలియకుండా ఒకరం డీజిల్ తగలబెట్టాం. కదలకుండా నిలబెట్టి మండిస్తే డీజిల్ ఇంజనుకు మసి పడుతుందట. పొగ గొట్టం నిండా మసి, దుప్పట్ల మీద చుక్కలు అవే. ఈ బండి తిరిగింది తక్కువ, నిలబడి మండింది ఎక్కువ అని మెకానిక్కు నెత్తి కొట్టుకుని, అంతా శుభ్రం చేసి, ఇకమీదట స్టార్ట్ చేస్తే తోలండి, తోలకపోతే ముట్టుకోకండి అన్నాడు. ఈసారి గోళ్ళరంగు పెట్టలేదు.

ఆ సాయంత్రమే బాబాయి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, తప్పు నాదే, మళ్ళీ పనిలోకి రమ్మని అడిగాను. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"తాళం నా చేతికివ్వకండమ్మా. ఇంకోరోజు మీకు ఇంకోటేదో వేడిగా తగులుతుంది. మీరే తోలండి. పక్కన నేను కూర్చుంటాను, మీకు తోలడం వచ్చేదాకా."

ఇన్ని ఉత్తరాలుగా దాచిన మాట ఇదే. కొత్త డ్రైవరును పెట్టానని మాత్రం రాశాను, ఎలాంటివాడని మీరు అడిగారు కదా. కొత్త డ్రైవరును నేనే.

మొదట్లో బండిని గేటు స్తంభానికి ఒకసారి గీరించాను, కుడివైపు గీత ఇంకా ఉంది. ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించడం రాక, వెనక వాహనాలవాళ్ళందరి చేతా తిట్లు తిన్నాను. బాబాయి పక్కన కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేవాడు, తను చూస్తే నేను తడబడతానని. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో పాదానికి తెలిసిన రోజున ఆయన దిగిపోయి, ఇక నేను అక్కర్లేదు అని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. లైసెన్సు వచ్చింది. ఫొటోలో ఎవరినో కొట్టడానికి బయల్దేరినట్టున్నాను. హోటలుకు మచ్చలేని దుప్పట్లు నేనే తోలుకెళ్ళి మేనేజరు ముందు పరిచాను. ఇప్పుడు పొద్దున్నే రోడ్డెక్కితే ఇంజను చప్పుడులో ఏ మాత్రం తేడా వచ్చినా నాకు తెలిసిపోతుంది. ఏవండీ, నాకు తోలడం చాలా ఇష్టంగా ఉంది. ఇంత ఇష్టమైన పని నా జీవితంలో ఇంకోటి లేదేమో అనిపిస్తుంది.

అందుకే బండి బాగుందని మీకు రాయలేదు. ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక చప్పుడు, ఏదో ఒక ఖర్చు రాస్తూ వచ్చాను. బాగుందంటే మీరు వస్తారు. వస్తే మొదటిరోజే, జరుగు అంటారు. మీరు అనకపోయినా అత్తయ్య అంటారు, వీధి అంటుంది, పెద్ద పెద్ద డంపర్లు తోలే మగడు ఇంట్లో ఉండగా ఆవిడ తోలడమేమిటని. నేను జరుగుతాను కూడా. అదే నా భయం. మీరు లేకపోతే నాకు బాగాలేదు, రాత్రి భోజనాల దగ్గర మీ చోటు చూడలేకపోతున్నాను, అయినా తాళం ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదు. రెండూ నిజాలే, ఏది ముందు రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఏదీ రాయలేదు.

ఇక మీ మీద నా అనుమానం. ఏమనుకోకండి, ఇంతమందిని అనుమానించి మిమ్మల్ని వదిలేస్తే బాగుండదు. ప్రతి ఉత్తరంలోనూ బండి సంగతే అడుగుతారు. పొగ ఏ రంగులో వస్తోంది, ఆయిల్ ఎంత తాగుతోంది, చలికి ఎన్నిసార్లు తిప్పితే అందుకుంటోంది. రావాలని ఉంది అన్న మాట మాత్రం నాలుగు ఉత్తరాల నుంచి లేదు. వెతికాను. అక్కడే ఉండిపోవాలని మీ మనసులో ఉండి, ఆ మాట నా చేతా బండి చేతా అనిపించాలని చూస్తున్నారా? కాకపోతే మంచిదే. నాకెప్పుడూ తప్పు చోటే వేడిగా తగులుతుంది, తెలుసు.

అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. బండి బాగుంది. చలికి రెండోసారికే అందుకుంటుంది, పొగ శుభ్రంగా ఉంది, రిపేర్లూ డీజిలూ పోను ఇల్లు గడిచి కాస్త మిగులుతోంది. రేపు ఇంకోటి పోదని చెప్పలేను, పాత బండి. కానీ దాన్ని నమ్ముకుని బతకొచ్చు, నేను బతుకుతున్నాను. నెలాఖరున మీరు సంతకం పెడితే అది మీరు పెట్టిన సంతకం, బండి పెట్టినది కాదు.

పెట్టకపోతే, ఏ రోజు ఏ రైలో రాయండి. స్టేషనుకు బండి తీసుకుని వస్తాను. మీరు పెట్టె వెనక తొట్టిలో పడేసి, అలవాటు కొద్దీ స్టీరింగు వైపు తలుపు దగ్గరికే వస్తారు. అక్కడ నేను కూర్చుని ఉంటాను. కోపం తెచ్చుకోకుండా, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, రెండో తలుపు తీసుకుని ఎక్కండి. లోపల గడియ వేయను.

ఇట్లు,
మీ జవాబు కోసం గుండె దడదడలాడుతున్న
మీ భార్య, మీ డ్రైవరు