రైలు లేని ఊళ్లో నాన్న

అమ్మా,

ఈ పొద్దున పక్కింటి మగ్గం చప్పుడు మొదలవగానే నాన్న నిద్రలేచి, పచ్చ తువ్వాలును జెండాలా చాపి వాకిట్లో నిలబడ్డాడు. అన్నేళ్లు రైల్వే గేటు కాసిన మనిషి కదా. మగ్గం ముందు నుంచి దేవక్క, "మా మగ్గం యాడికీ పోదులేన్నా, వచ్చి కాఫీ తాగు" అని నవ్వింది. నాన్న నవ్వలేదు. రిటైరయ్యాక రైలు రాని ఊరే కావాలని మనల్ని ఎమ్మిగనూరు తెచ్చింది ఆయనే. ఇప్పుడు మగ్గం చప్పుడు వింటే రైలనుకుని సగం అన్నంలోనే లేస్తున్నాడు.

మజ్జిగ మిరపకాయలు ఏ డబ్బాలో పెట్టావు? ఫోనులోనైతే ఆయన పక్కనే ఉంటాడని కార్డు రాస్తున్నాను. బాలింత అక్కకు కాస్త ఓపిక రాగానే నువ్వు వచ్చెయ్యి. పసిదాని కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

నాకు నంద్యాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకటో తేదీన చేరాలి.

హెప్సిబా