మిరియం ఏ జాతి?

సౌకార్‌పేట,
బుధవారం మధ్యాహ్నం

చంద్రకళకు నీ ఆయన దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మిరియమూ క్షేమం. అక్కడ నువ్వూ వదినా క్షేమమని, వదిన గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని చదివి చాలా సంతోషించాను. కొత్త మోకాలు కదా, తొందరపడొద్దని చెప్పు. వదిన కొడుకు వెంకట్రామ్ నిన్న సరుకుకు వచ్చి నీ ఉత్తరమూ గోంగూర పచ్చడి సీసానూ నా చేతికిచ్చాడు. రేపు పొద్దున రైలుకు తిరిగి నెల్లూరు వెళ్తాడు కాబట్టి దుకాణంలో కూర్చునే ఇది రాస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరాలేంది చిన్నాయనా అని వాడు నవ్వాడు. నవ్వనీ. నువ్వు ఫోనెత్తితే స్పీకరు పెడతావు, వదినా, నర్సూ, చూడవచ్చిన వాళ్ళూ అందరూ వింటారు. కొన్ని మాటలు అట్లా చెప్పడం నా వల్ల కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. పొన్నమ్మ ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ మాత్రల అట్ట లెక్కపెట్టి నీకు చేరవేస్తోందని నాకు తెలియదనుకోకు. బాగానే పెట్టావమ్మా వేగుల్ని! మేడ మీద ఎండబెట్టిన వడియాలు ఎత్తించాను, సగం కాకులు తినేశాయి, దానికి నన్నేమీ అనకు. తులసికి నీళ్ళు పోస్తున్నాను. గుళ్ళో నీ పేరు మీద అర్చన కిందటి శుక్రవారం మరిచిపోయాను, ఈ శుక్రవారం రెండు చేయిస్తాను.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. మిరియం సంగతి ఎత్తితే ఫోనులో ఆఁ ఊఁ అంటారేం, దానికి ఒంట్లో బాగాలేదా అన్నావు. దానికేం, దుక్కలాగా ఉంది. రెండు పూటలా పెరుగన్నం తింటోంది. కుక్కరు కూత పెడితే మంచం కిందికి దూరడం మాత్రం మానలేదు. సాయంత్రం నువ్వు కూర్చునే కుర్చీ వాసన చూసి, నా మొహం చూసి, మళ్ళీ కుర్చీ చూస్తుంది. వస్తుందిలే అని రోజూ చెబుతున్నాను.

ఇబ్బంది దాని టీకాల కార్డుతో వచ్చింది. కొన్ని జాతుల కుక్కలు ప్రమాదమని, వాటికి ఇకమీదట కొత్తగా లైసెన్సు ఇవ్వరని పేపర్లో పడింది. మనమేమో నాలుగేళ్ళుగా లైసెన్సు తీసుకున్న పాపాన పోలేదు, టీకాల కార్డు ఉందిగా అనుకున్నాం. ఇప్పుడు మన ఫ్లాట్ల సంఘం వాళ్ళు లైసెన్సు లేని కుక్క ఏదీ ఈ మేడలో ఉండకూడదని నోటీసు అంటించారు. గడువు వచ్చే ఆదివారం. మన కార్డులో జాతి అన్నచోట రాట్‌వైలర్ అని ఉంది కదా, అది ఆ పట్టికలో ఉంది.

మూడో అంతస్తు కృష్ణస్వామి సంఘానికి సెక్రటరీ కాబట్టి కార్డు జిరాక్సు పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. "కోపం చేసుకోబాకండి సార్. నాకేమన్నా ఆశనా? కార్డులో ఏం రాసుండాదో అదే నేను చూసేది. ఆడ రాట్‌వైలర్ అని ఉండాదే!" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మిరియం ఆయన చెప్పు మీద గడ్డం ఆనించుకుని పడుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "మీ కుట్టి గ్యాసు తెచ్చే అతన్ని రెండు తూర్లు కరిచె గదా, దాన్నేం చేస్తారు?" అన్నాను.

"కుట్టి లాబ్రడార్ సార్. లిస్టులో లేదు."

"కరిచేది పండ్లతోనా, లిస్టుతోనా కృష్ణస్వామీ?"

పాపం, మంచివాడే. ఫోను తీశాడు. ఫోటో పెడితే కుక్క జాతి చెప్పేది ఏదో ఉందట అందులో. నిలబడ్డ మిరియాన్ని తీస్తే రాట్‌వైలర్ అంది. కూర్చోబెట్టి తీస్తే డాబర్‌మన్ అంది. ఇంతలో ఇది బొక్కబోర్లా దొర్లి పొట్ట చూపించింది. ఆ ఫోటోకు నేను జన్మలో వినని దేశం పేరేదో చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి, "అయినా కార్డు కార్డే గదా సార్" అని వెళ్ళిపోయాడు.

నోటీసు పడ్డ మర్నాటి నుంచి మేడ తీరే మారిపోయింది చంద్రా. మొదటి అంతస్తు ఇంద్రజ పిల్లలు రోజూ బడి నుంచి వస్తూ దీనికి బిస్కట్టు పెట్టేవాళ్ళు కదా, ఇప్పుడు దీన్ని చూస్తే మెట్ల మీద పరుగు. వాళ్ళని తప్పు పట్టను. ఆ జాతి కుక్క ఎక్కడో ఎవరి బిడ్డనో కరిచిందని విన్న తల్లికి భయం ఉంటుంది. కానీ ఇది మాత్రం తోక ఊపుకుంటూ మెట్ల దగ్గర కూర్చుని ఆ బిస్కట్టు కోసం చూస్తోంది.

నిన్న దీన్ని తీసుకుని డాక్టరు జీవిత దగ్గరికి వెళ్ళాను. మొదటి టీకా వేసిన ముసలి డాక్టరు ఇప్పుడు లేరు, ఆ పిల్లే చూస్తోంది. పళ్ళు చూసింది, చెవులు చూసింది, తోక ఎత్తి చూసింది. "అంకుల్, చూసి జాతి చెప్పడం ఎవరి వల్లా కాదు. నల్లగా ఉండి, కళ్ళపైన గోధుమరంగు చుక్కలుంటే చాలు, జనం రాట్‌వైలర్ అనేస్తారు. ఈ చుక్కలున్న కుక్కలు మన ఊళ్ళో ఎన్ని వేలున్నాయో! కార్డులో జాతి రాసేది కూడా ఓనర్ చెప్పినదాన్ని బట్టే" అంది. రక్తం తీసి పరీక్షకు పంపవచ్చట, కానీ అది వచ్చేసరికి గడువు దాటిపోతుంది. తరువాత మెల్లగా అడిగింది, "ఇంతకీ ఇది రాట్‌వైలర్ అని మొదట చెప్పిందెవరు?"

చంద్రా, ఇక్కడిదాకా వదినకు పైకి చదివి వినిపించు. ఇకముందుది వద్దు. వంటింట్లోకి వెళ్ళి నీలో నువ్వు చదువుకో.

చెప్పింది నేనే. అది రాట్‌వైలర్ కాదు. విజయవాడ షావుకారు ముచ్చటపడి ఇచ్చాడని నీతో అన్నది పచ్చి అబద్ధం. అది మన గోడౌను ముందు తోపుడుబండి కింద పుట్టిన వీధి కుక్క.

అప్పటికి అన్నయ్య పోయి నెల కూడా కాలేదు. దుకాణంలో ఎదురుగా ఆయన కూర్చునే దిండు ఖాళీగా ఉండేది. అటు చూడలేక నేను గోడౌనులో గోనెల మధ్య కూర్చునేవాణ్ణి. వానలకు వీధంతా నీళ్ళు, తల్లి ఏమైందో తెలియదు, ఈ గుప్పెడు పిల్ల లోపలికి వచ్చి మిరపకాయల ఘాటుకు తుమ్మింది. తుమ్మి, మళ్ళీ తుమ్మి, నా ఒళ్ళోకి ఎక్కింది. అన్నయ్య పోయాక ఆ రోజే నేను మొదటిసారి ఏడ్చాను. నీ ముందు కూడా ఏడవలేదు కదా, దాని ముందు ఏడ్చాను.

ఇంటికి తెద్దామంటే నీ మాట గుర్తొచ్చింది. నీ తమ్ముణ్ణి వీధి కుక్క కరిచినప్పుడు వాడికి ఆరేళ్ళు, నీకు పది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తుంటే కాళ్ళు కదలకుండా పట్టుకున్నది నువ్వు. వీధి కుక్క ఈ గడప తొక్కితే నేను గడప దాటతానని పెళ్ళయిన కొత్తలోనే అన్నావు. నేను ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. అందుకే నిజం చెప్పే ధైర్యం రాలేదు. మొదటి టీకాకు తీసుకెళ్తే ఆ ముసలి డాక్టరు గదిలో గోడకు కుక్కల బొమ్మల పటం ఉండేది. ఏ జాతి అని అడిగితే తలెత్తి, నల్లని ఒళ్ళూ గోధుమ చుక్కలూ ఉన్న బొమ్మ చూసి, అదిగో అదే అని వేలు చూపించాను. మిరపకాయ వేళ్ళ మధ్య నలిపితే గుంటూరుదో రామనాథపురం గుండుదో చెప్పేవాణ్ణి, సరుకొకటి చీటీ ఒకటి కట్టి నలభై ఏళ్ళలో ఒక్క మూటైనా అమ్మనివాణ్ణి, కట్టుకున్నదానికి మాత్రం చీటీ మార్చి ఇచ్చాను. ఆపైన పెద్దమనిషిలా, నీ పేరున ఉంటే కలిసొస్తుందని నీచేతే కార్డు మీద సంతకం పెట్టించాను.

నువ్వేమో నమ్మావు. జాతి కుక్క, పోలీసు కుక్క, చెప్పిన మాట వింటుందని పెళ్ళిళ్ళలో అందరికీ చెప్పుకున్నావు. చెప్పుకున్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. పొన్నమ్మకు మొదటి రోజే తెలుసట. మొన్న నోటీసు చూసి, "నాట్టు నాయి, వీధి కుక్క సామీ ఇది, ఎవురికి తెలీదు? అమ్మకు తెలిస్తే మిమ్మల్నీ దీన్నీ ఒకే తూరి తరుముతాదని ఊరుకున్నా" అంది.

నీకు జ్వరమొచ్చిన వారం రోజులూ మంచం పక్క నుంచి కదలకుండా పడుకున్నది వీధి కుక్కే. దాన్ని ముట్టుకోవడానికే నువ్వు మొదట్లో భయపడ్డావు, ఇప్పుడు చెవులు దువ్వందే నీకు నిద్ర రాదు. అయినా ఇది చెప్పి నిన్ను ఒప్పించాలని నేను చూడడం లేదు. నీ భయం నిజమైంది, నేను చెప్పింది అబద్ధం. క్షమించు.

ఇప్పుడు దారి ఒక్కటే ఉంది. దాని పుట్టుక ఇదీ, మొదట చెప్పింది తప్పు అని యజమాని రాసిస్తే జీవిత కార్డు మార్చి ఇస్తానంది. కార్డు మారితే లైసెన్సు వస్తుంది. యజమానివి నువ్వు. అందుకని ఈ కవరులో ఒక కాగితం పెట్టాను. జాతి అన్నచోట నా చేత్తో వీధి కుక్క అని రాశాను. నాటు కుక్క అని రాస్తే మర్యాదగా ఉంటుంది కదా అంకుల్ అంది జీవిత. వద్దన్నాను. నీ దగ్గర గొప్ప పేర్ల చాటున దాక్కున్నది చాలు.

వెంకట్రామ్ శనివారం మళ్ళీ వస్తాడు. కాగితం వాడి చేతికివ్వు. సంతకం లేకుండా వచ్చిందనుకో, ఆదివారం పొద్దున పొన్నమ్మ చెల్లెలు రెడ్ హిల్స్ నుంచి వచ్చి దీన్ని తీసుకెళ్తుంది, వాళ్ళకు ఖాళీ స్థలం ఉంది. నిన్ను పల్లెత్తు మాట అనను, మొహం మాడ్చుకుని తిరగను. నువ్వు వచ్చేసరికి ఇల్లు కడిగించి పెడతాను.

నీ సంతకం నాకు బాగా వచ్చు. చెక్కు పుస్తకం మీద చూసి చూసి కళ్ళు మూసుకుని పెట్టగలను. పొద్దున కలం తెరిచి, మూసేశాను కూడా. నాలుగేళ్ళ క్రితం తెలియకుండా నీచేత సంతకం చేయించాను, ఈసారి తెలిసి చేయాలి. వీధి కుక్క అన్న మాట రెండుసార్లు చదువు. దాని కింద నీ పేరు రాయాలనిపిస్తేనే రాయి.

ఇట్లు,
నిన్ను నమ్మించి, ఇప్పుడు నీ నమ్మకం అడుగుతున్న
నీ భర్త
గోపాలయ్య